ఎడమ చేతి పిడి

పళ్ళు తోముకోకముందే మెడలో టేపు వేసుకునే మనిషి ఆయన. పొద్దున్న మెలకువ రాగానే ఒక చెయ్యి దిండు పక్కకి పోతుంది. కళ్ళద్దాల కన్నా ముందు వెతికేది ఆ పసుపుపచ్చ టేపునే. అది మెడలో పడితేనే ఆయనకి తెల్లవారినట్టు. ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ నర్సు దాన్ని తీసి సొరుగులో పెడుతుంటే, ఒంటి మీద బట్ట లేనట్టుందమ్మా అని బతిమాలి మళ్ళీ వేసుకునేవాడు.

వీధిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన అరంగుళమే. పిల్లలు అరంగుళం మావయ్య అంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు అరంగుళం గారంటారు. ఏ కోటు కుట్టినా లోపల అతుకుల దగ్గర అరంగుళం గుడ్డ ఎక్కువ మడిచి ఉంచడం ఆయన పద్ధతి. అదెందుకని అడిగితే, మనిషి రేపు కూడా ఇంతే ఉంటానని రాసిచ్చాడా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ అరంగుళం పుణ్యమా అని పెళ్ళినాటి కోటులోకి పదేళ్ళ తర్వాత కూడా దూరగలిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

ముందు గది కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో పొడవాటి కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, ఒక మూల పగిలిన నిలువుటద్దం. కొట్టుకీ ఇంటికీ మధ్య ముదురు నీలం తెర, రెండు మెట్లు. మెట్లెక్కితే కూర్చునే గది, దాని వెనక సన్నటి గుమ్మం దాటితే వంటగది. తెరకి ఇవతల మాట ఆయనది, అవతల మాట ఆవిడది. నిజం చెప్పాలంటే ఇవతల కూడా ఆవిడదే. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి సూపర్‌వైజరుగా రిటైరయిన మనిషి మరి. గిరాకీ వచ్చినప్పుడు ఆయన కొలతలు పైకి చెబుతుంటే, పుస్తకంలో రాసేది ఆవిడే. ఆయన తప్పు చెప్పినా ఆవిడ ఒప్పే రాసిన రోజులున్నాయి.

యాభై ఏడో ఏట కళ్ళ డాక్టరు ఆయన్ని కసిరాడు. రోజంతా సూది మొన వంకే చూస్తే చూపు ఎన్నాళ్ళుంటుంది, రోజుకి రెండు గంటలు సూది కన్నా పెద్ద వస్తువేదైనా చూడమన్నాడు. ఇంకొకరైతే నడకకి వెళ్ళేవాళ్ళు. ఆయన వీధి చివర వడ్రంగి దగ్గరికి వెళ్ళాడు.

ఆ వడ్రంగి తలుపులు, కిటికీలు చేస్తాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు గానీ చుట్టరికం ఏమీ లేదు. ఈయన కొట్టు తలుపు ఆయన చేశాడు, ఆయన పెళ్ళి కోటు ఈయన కుట్టాడు, అంతే బంధుత్వం. అక్కడ చిత్రిక పట్టడం, ఉలి పదును పెట్టడం, రంపం వంకర పోకుండా కొయ్యడం నేర్చుకున్నాడు. ఇది గుడ్డ కాదు బావా, లాగితే సాగదు, తప్పు కోస్తే కుట్టు విప్పడానికి లేదు అని వడ్రంగి రోజూ హెచ్చరించేవాడు. గుడ్డకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే చెక్కకీ పీచు వాలు ఉంటుందని తెలిశాక మాత్రం, ఆయనకి కొత్త ఊళ్ళో పాత స్నేహితుడు కనపడ్డట్టయింది.

మొదట చేసినది ఒక ముక్కాలి పీట. నిజానికి నాలుగు కాళ్ళు పెట్టాడు, ఒకటి నేలకి అందలేదు. దాని మీద కూర్చుంటే ఎవరో జోల పాడుతున్నట్టుందని ఆవిడ అంది. కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి ఆయన దాన్ని పారెయ్యలేదు. తర్వాత దారపు ఉండలకి ఒక అర, గోడకి తగిలించుకునే కత్తెరల పెట్టె, ఒక పుస్తకాల బల్ల. నాలుగేళ్ళకి చెయ్యి కుదిరింది. పెరట్లో చిన్న రేకుల పంచ కింద, సొంత బల్ల మీద, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చెక్క పొట్టులో మునిగి ఉండేవాడు.

అలాంటి రోజుల్లో ఆవిడ చెయ్యి విరిగింది.

పెద్ద ప్రమాదమేమీ కాదు. తడి గచ్చు మీద కాలు జారింది, ఎడమ చెయ్యి ఊనింది. ఆరు వారాలు కట్టు ఉంచారు. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుందని తేలింది. అరచెయ్యి పైకి తిరగదు. గ్లాసు పట్టుకున్నట్టు బొటనవేలు పైకి పెట్టగలదు, అక్కడితో సరి. వ్యాయామం చేయించే అమ్మాయి మూడు నెలలు చేయించి, ఇంతకన్నా తిరగదమ్మా అని నెమ్మదిగా చెప్పేసింది.

ఒక చెయ్యి అంత తిరక్కపోతే ఏం కొంప మునిగిందని బయటివాళ్ళకి అనిపించవచ్చు. ఆవిడకి మునిగింది ఒక్కచోటే. ఎక్స్ఛేంజిలో కలిసి పనిచేసిన ఆరుగురు ఆడవాళ్ళు నెలకో ఆదివారం ఒకరింట్లో కలుస్తారు, వంతులవారీగా. పన్నెండేళ్ళుగా ఒక్క నెల తప్పలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో పేరుంది. ఒకరింట్లో కబుర్లు, ఒకరింట్లో పాటలు. ఈవిడ ఇంట్లో టీ. ఆరు కప్పులూ ఒకే ట్రేలో, ఒకే విడతలో, వంటగది నుంచి తెచ్చి అందరి ముందూ పెట్టేది. వాళ్ళు తాగే ముందు కప్పు ఎత్తి సాసరు చూసేవాళ్ళు. పన్నెండేళ్ళలో ఒక్క సాసరులో ఒక్క చుక్క లేదు. ఎక్స్ఛేంజిలో ఇరవై తీగలు ఒకేసారి చేతుల్లో ఆడించిన మనిషికి అది ఆట. కానీ రిటైరయ్యాక ఆ ఆటలోనే ఆవిడ ఇంకా సూపర్‌వైజరు.

చెయ్యి విరిగిన కొత్తలో పడిన వంతు ఇంకొకరు తీసుకున్నారు. ఈసారి ఆవిడ వంతు ఇంకా తొమ్మిది వారాల్లో ఉందనగా, ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే తెర ఇవతల నుంచి ఆయన విన్నాడు. ఈ నెల నుంచి రానని, తన పేరు తీసేసి అయిదుగురే చూసుకోమని చెబుతోంది. అవతలి మనిషి ఏదో బతిమాలుతున్నట్టుంది. ఆవిడ నవ్వుతూనే మాట్లాడి పెట్టేసింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు.

ఆయన మెట్లెక్కి వెళ్ళి, టీ తానే తెచ్చి పెడతానన్నాడు. కాకపోతే వాళ్ళే వంటగదిలోకి వచ్చి తలో కప్పూ తీసుకుంటారు, ఇందులో ఏముందన్నాడు.

"మీరు తెస్తే అది మీ ఇల్లు" అంది ఆవిడ. "నేను తెస్తే నా ఇల్లు. నా ఇంటికి నన్ను చుట్టంలా కూర్చోమంటారా?"

అప్పుడే మానెయ్యకుండా ఆగమని మాత్రం ఆయన ఒప్పించాడు. వంతు వచ్చేదాకా చూద్దాం, అప్పటికీ కుదరకపోతే నీ ఇష్టం అన్నాడు. ఆవిడ సరేనంది, ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక.

మర్నాటి నుంచే పని మొదలైంది. పాత స్టీలు ట్రే జారుడుగా ఉండటం వల్లే ఆవిడకి భయమని ఆయన లెక్క వేసుకున్నాడు. చెక్కతో మంచి ట్రే చేస్తే పట్టు దొరుకుతుందనుకున్నాడు. బజారులో ఒక పెద్ద సామాన్ల దుకాణం అద్దంలో ఖరీదైన ట్రే ఒకటి ఉంటే, లోపలికి వెళ్ళి టేపు తీసి దాని పొడవూ వెడల్పూ కొలుచుకుని వచ్చాడు. కొనకుండా కొలిచేవాడు ఎవడ్రా అని దుకాణం మనిషి చూస్తూనే ఉన్నాడు.

వడ్రంగి దగ్గర మంచి టేకు పలక తీసుకున్నాడు. మూలలు మేకులతో బిగించలేదు. రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి జొనిపినట్టు పళ్ళు కోసి కూర్చాడు. రెండు పక్కలా చేతులు దూర్చుకునే కంతలు, ఆ కంతల అంచులు సబ్బు బిళ్ళలా నున్నగా. గరుకు కాగితంతో మూడు విడతలు రుద్ది, అవిసె నూనె పట్టించి, తేనెమైనం రాశాడు. నాలుగు వారాలు పట్టింది. వడ్రంగి దాన్ని వెలుగులోకి తీసుకెళ్ళి నాలుగు మూలలూ తడిమి, ఏదో తప్పు పట్టుకోవాలని చాలాసేపు చూశాడు. చివరికి, ఇందులో వంక పెట్టేవాడు వడ్రంగే కాదు బావా అని ఒప్పుకున్నాడు.

ఆయన దాన్ని ఇంటికి తెచ్చి, ఆరు కప్పుల్లో నీళ్ళు పోసి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ట్రేని మెచ్చుకుంది. నిజంగానే మెచ్చుకుంది. కుడి చెయ్యి కంతలో దూర్చింది. ఎడమ చెయ్యి దూర్చబోతే మణికట్టు తిరగలేదు. వేళ్ళ కొసలతో ఎలాగో పట్టి ఎత్తింది. రెండడుగులు వేసింది. ట్రే ఎడమకి ఒరిగింది, కప్పులన్నీ వరసగా ఆ పక్కకి ప్రయాణం కట్టాయి. మూడు పగిలాయి.

ఆవిడ ఏడవలేదు, విసుక్కోలేదు. ముక్కలు ఏరి, గచ్చు తుడిచింది. "చాలా బాగుందండీ. కొట్టులో గోడకి తగిలించండి, నలుగురూ చూస్తారు" అంది.

ఆ మాటకన్నా నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది. ట్రే గోడకెక్కింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే, ఒక్కో మెచ్చుకోలూ పుండు మీద కారంలా తగిలేది. ఇంక అయిదు వారాలున్నాయి.

కళ్ళు తెరిపించినవాడు ఒక బ్యాంకు గుమాస్తా. కొత్త కోటు ట్రయల్ చూసుకోవడానికి వచ్చాడు. కచ్చా కుట్ల మీద ఉన్న కోటు తొడిగించి, అద్దం ముందు నిలబెట్టి, ఎడమ భుజం కింద ఇంకో పొర దూది పెట్టాలని ఆయన సుద్దతో గీత గీస్తున్నాడు. ఆ గుమాస్తాకి ఎడమ భుజం వాలు. తన భుజాలు సమానం కావని అతనికి ఈనాటికీ తెలియదు, ఎందుకంటే పదిహేనేళ్ళుగా ఈ కొట్టు కోట్లే వేసుకుంటున్నాడు. గుమాస్తా అద్దంలో చూసుకుని, నాకు మీ కోటు ఒక్కటే నిటారుగా కూర్చుంటుందండీ, మిగతావాళ్ళకి కుట్టడం రాదు అన్నాడు.

ఆయన చేతిలో సుద్ద అక్కడే ఆగిపోయింది.

మనిషన్నవాడికి రెండు పక్కలూ ఒకలా ఉండవు. ముప్పై అయిదేళ్ళలో ఆయన చూసిన వేల ఒళ్ళల్లో ఒక్కదానికీ రెండు భుజాలు సరిసమానంగా లేవు. ఒక చెయ్యి పొడుగు, ఒక తుంటి ఎత్తు, ఒక మెడ పక్కకి. వంకర మనిషికి తిన్నని కోటు కుడితే కోటు వంకరగా కనిపిస్తుంది. మనిషి వంకర కోటులోకి తీసుకుంటేనే మనిషి తిన్నగా కనిపిస్తాడు. ఇది ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. అలాంటివాడు, ఒంటి మీద టేపు లేకపోతే ఊపిరాడనివాడు, కట్టుకున్న మనిషికి వస్తువు చేస్తూ దుకాణం అద్దంలో ఉన్నదాన్ని కొలుచుకొచ్చాడు. ఆవిడ చేతిని ఒక్కసారి కూడా కొలవలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

గుమాస్తా వెళ్ళగానే ఆయన కొలతల పుస్తకం తీసుకుని లోపలికి నడిచాడు. ఆవిడ కూర్చునే గదిలో బియ్యం చూసుకుంటోంది. ఎడమ చెయ్యి ఎప్పట్లాగే ఒళ్ళో బోర్లా పెట్టి ఉంది. ఈ ఏడు నెలల్లో ఆ చేతి గురించి ఇద్దరూ మందుల మాటలు తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు.

"చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు.

"ఎందుకు?"

"కొలతలకి."

"నాకేమైనా కోటు కుడతారా?"

"కోటే అనుకో. ముందు రాసుకో, నేను చెబుతాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, పేరు రాసే చోట సూపర్‌వైజరు అని రాసి, ఎడమ చెయ్యి చాపింది. ఆయన టేపు మణికట్టు చుట్టూ తిప్పాడు. కుడిది ఆరుంపావు, ఎడమది ఆరూ ముప్పావు అని చెప్పాడు. ఆవిడ రాసుకుంటూ, "తేడా అరంగుళం" అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఆ మధ్యాహ్నమంతా కొలతలే. మోచేతుల మధ్య దూరం, పిడికిలి చుట్టుకొలత, నిలబడినప్పుడు నేల నుంచి అరచేతి ఎత్తు, వంటగది గుమ్మం వెడల్పు. పిడికిలి ఏ వాలులో నిలుస్తుందో కొలవడానికి ఆయన దగ్గర పరికరం లేదు. స్వెటర్లు అల్లే సూది ఒకటి ఆవిడ ఎడమ పిడికిట్లో పెట్టి, గోడకి గోధుమరంగు కాగితం అంటించి, చెయ్యి హాయిగా ఉన్నచోట ఆగమని, సూది ఎటు వాలితే అటు సుద్దగీత గీశాడు. సూది నిలువుగా, పైకొస కొంచెం లోపలికి వాలి ఉంది. మూడుసార్లు చేయించాడు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అంటే ఎడమ చేతికి కావలసింది అడ్డంగా ఉండే కంత కాదు. నిలువుగా ఉండే పిడి.

ఈసారి ఆయన టేకు జోలికి పోలేదు. కోటుకి కచ్చా కుట్లు వేసి ఒకసారి తొడిగి చూసినట్టే, పాత ప్యాకింగ్ పెట్టె చెక్కలతో కచ్చా ట్రే ఒకటి కూర్చాడు. కుడి పక్క మామూలు కంత. ఎడమ పక్క బయటివైపుకి ఒక దిమ్మ, దాని మీద నిలువుగా గుండ్రటి కర్ర. ఎటంటే అటు జరపడానికి వీలుగా ఆ కర్రని మేకుతో కాకుండా గుడ్డ పేలికలతో కట్టాడు. ఆవిడ రోజూ పొద్దునా సాయంత్రం దాన్ని పట్టుకుని వంటగది నుంచి తెర దాకా నడిచేది. మొదట ఖాళీగా, తర్వాత ఉత్త కప్పులతో, తర్వాత నీళ్ళతో. మొదటి వారం సగం నీళ్ళు గచ్చు మీదే. గచ్చు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదని ఆవిడ ఎత్తిపొడిచింది.

చెయ్యి పైకి జారిపోతోందంటే, పిడి పైన పుట్టగొడుగు తలలాంటి గుండు పెట్టాడు. ఇక బరువు బొటనవేలి మీదా చూపుడు వేలి మీదా ఆగింది. ఎడమ చెయ్యి తొందరగా అలిసిపోతోందంటే, కప్పులన్నిటినీ కుడివైపుకి జరిపి, బరువులో ఎక్కువ భాగం కుడి చేతికి వేశాడు. కప్పులు జారుతున్నాయంటే, కోటు గుడ్డ మిగులు ఒకటి తెచ్చి లోపల పరిచాడు. నీలం ఉన్ని గుడ్డ. కప్పులు దాని మీద కదలకుండా కూర్చున్నాయి. టీ ఒలికితే ఎలా అని ఆవిడ అడిగితే, అంచుల్లో కాజాలు కుట్టి, ట్రే లోపలి గోడలకి చిన్న చెక్క గుండీలు పెట్టాడు. విప్పి ఉతుక్కోవచ్చు.

వడ్రంగి ఈ అవతారాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేం ట్రే బావా? ఒక చెవి ఏనుగుది, ఒక చెవి ఎలుకది. మళ్ళీ దీనికి చొక్కా ఒకటి, గుండీలతో సహా."

"నువ్వు నవ్వు బావా. దీన్ని పట్టుకునేది నువ్వు కాదుగా" అన్నాడు ఆయన.

అసలు ట్రేకి టేకు మిగులే వాడాడు గానీ, ఈసారి చిత్రిక పట్టీ పట్టీ పలకని సగానికి సగం సన్నం చేశాడు. గోడకున్నదాని బరువులో ఇది సగం కూడా లేదు. అడుగు పలకని గాడిలోకి దించేటప్పుడు మాత్రం జిగురు పెట్టకుండా, అన్ని పక్కలా కాస్త సందు వదిలాడు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, దానికీ లూజు కావాలని ఆయన వాదన. పిడి కర్రని గుండు కింద కుదురుగా చెక్కి, అలవాటు ప్రకారం కింది కొసన అరంగుళం ఎక్కువ ఉంచాడు.

ఆ అరంగుళమే గట్టెక్కించింది. ఆదివారం వాళ్ళొస్తారనగా గురువారం మధ్యాహ్నం, పిడిని దిమ్మ కంతలోకి దిగ్గొడుతూ ఒక దెబ్బ ఎక్కువ వేశాడు. కర్ర కింది కొస పీచు వెంట చిట్లింది. కొత్తది చెక్కి, నూనె పట్టించి, ఆరబెట్టడానికి సమయం లేదు. కాసేపు దాన్ని అలాగే చేతిలో పట్టుకుని పీట మీద కూర్చుండిపోయాడు. తర్వాత టేపు తీసి చిట్లినంత మేరా కొలిచాడు. అరంగుళానికి ఒక గీత తక్కువే. రంపంతో ఆ కొస కోసేసి, మళ్ళీ నెమ్మదిగా దించాడు. సరిపోయింది.

శనివారం వడ్రంగి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. ఎడమ పిడి తానే పట్టుకుని చూడబోయాడు. అతని చేతికి అది కుదరలేదు, ఎటు పట్టినా ఇబ్బందిగానే ఉంది. కింద పెట్టేశాడు.

"నలభై ఏళ్ళుగా తలుపులు చేస్తున్నాను బావా" అన్నాడు. "గోడ కొలతలే తీసుకున్నాను. తలుపు తీసే మనిషివి ఎప్పుడూ తీసుకోలేదు."

ఆదివారం నాలుగింటికి అయిదుగురూ వచ్చారు. అందరిలోకీ నోరున్నావిడని రాంగ్ నంబరు అంటారు. ఎక్స్ఛేంజిలో ఉన్న రోజుల్లో తప్పు నంబరు కలిపి అవతలివాళ్ళనే దబాయించేదట. దారిలోనే వాళ్ళు మాట్లాడుకుని వచ్చారు. ఈవిడని లేవనివ్వకూడదు, టీ విషయం మనమే చూసుకోవాలి, ఆమెకి నొప్పి కలిగించే మాట ఎవరూ అనకూడదు అని. అందుకే ఆవిడ వంటగదిలోకి వెళ్ళిన రెండో నిమిషానికే రాంగ్ నంబరు లేచి, నేనూ వస్తున్నానక్కా అంటూ గుమ్మం వైపు బయలుదేరింది.

లోపల నుంచి ఎక్స్ఛేంజి నాటి గొంతు వినపడింది.

"లైన్లో ఉండండి."

రాంగ్ నంబరు ఉన్నపళంగా కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆ గొంతుకి లోబడిన ఒళ్ళు మరి.

ఆయన తెరకి ఇవతల, మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఒక కోటుకి జేబు కుడుతున్నాడు, కుడుతున్నాననే అనుకుంటున్నాడు. తెర సందులోంచి వంటగది గుమ్మం కనిపిస్తుంది. మొదట ట్రే కుడి కొస వచ్చింది, తర్వాత ఆరు కప్పులు, తర్వాత నిలువు పిడి చుట్టూ బిగిసిన ఆవిడ ఎడమ చెయ్యి. గుమ్మం సన్నం. ఇటు రెండు వేళ్ళ సందు, అటు రెండు వేళ్ళ సందు. ఆవిడ కప్పుల వంక చూడలేదు. నేల వంక చూడలేదు. అయిదుగురి మొహాల వంక చూస్తూ, తల ఎత్తి, మామూలు నడక నడిచి వచ్చి, బల్ల మీద ట్రే దించింది. దించిన చప్పుడు కూడా లేదు.

అందరి కన్నా ముందు రాంగ్ నంబరే తేరుకుంది. వంగి, పాత రోజుల్లోలాగే, తన కప్పు ఎత్తి సాసరు చూసింది. పక్క కప్పు ఎత్తి చూసింది. ఆరూ ఎత్తి చూసింది. ఆఖరి సాసరుని వేలితో కూడా తుడిచి, ఆ వేలు అందరికీ చూపించింది. పొడి.

"సూపర్‌వైజరు గారూ, లైను క్లియర్‌గా ఉంది" అంది. మిగతా నలుగురిలో ఇద్దరు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఒకావిడ చప్పట్లు కొడుతోంది.

రాంగ్ నంబరు ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగి చూసింది.

"అక్కా, అంతా బాగుంది గానీ, ఇందులో పంచదార ఏదమ్మా?"

పదిహేను రోజులుగా నీళ్ళు మొయ్యడం అభ్యాసం చేసి చేసి, ఆవిడ పంచదార సంగతే మరిచిపోయింది. గది గదంతా పకపకలాడింది. ఆవిడ కూడా నవ్వి, ఆరు కప్పులూ మళ్ళీ ట్రేలో సర్దించుకుని, వంటగదిలోకి వెళ్ళి, పంచదార కలిపి, మళ్ళీ తెచ్చింది. ఈసారి ఎవరూ చూడను కూడా లేదు. వాళ్ళు అప్పటికే ఎవరి కోడలి సంగతో మాట్లాడుకుంటున్నారు. ఆవిడ నడుస్తూనే ఆ మాటల్లోకి దిగి, కోడలి పక్షం వాదిస్తూ, ఎటో చూస్తూ ట్రే దించేసింది. తెర ఇవతల ఉన్న మనిషికి అదే అసలు గెలుపు. మొదటిసారి ఆవిడ ట్రే తెచ్చింది. రెండోసారి టీ తెచ్చింది.

అప్పుడు ఆయన తన చేతిలోని కోటు వంక చూసుకున్నాడు. జేబు చక్కగా కుట్టాడు, మూతి కూడా కుట్టేశాడు. విప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా తెర అవతల నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు వాళ్ళు కొట్టులోంచే వెళ్ళారు. రాంగ్ నంబరు గోడ మీది ట్రేని చూసి, ఇది ఇంకా అందంగా ఉందే, ఇదెందుకు వాడటం లేదని అడిగింది. అది ఎవరి కోసమూ చేసినది కాదమ్మా అన్నాడు ఆయన. ఆమెకి అర్థమైనట్టుంది. మా అన్నయ్యకి పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి సగమే లేస్తుంది, భోజనం పళ్ళెం తానే తెచ్చుకోవాలని పంతం, ఒకసారి వచ్చి కొలతలు తీసుకుంటారా అని అడిగింది. ఆయన సమాధానం చెప్పేలోపే ఆవిడ వెనక నుంచి, బుధవారం వస్తారు అని చెప్పేసింది.

అన్నయ్య ట్రే ఒంటి చేతిది, పొట్టకి ఆనించుకునే వంపుతో. దాన్ని ఆ అన్నయ్య ఆసుపత్రి వెనక, తాను వ్యాయామం చేయించుకునే గదికి తీసుకెళ్ళి అందరికీ చూపించాడు. అక్కడి అమ్మాయి, ఆవిడకి మూడు నెలలు చెయ్యి తిప్పించిన అమ్మాయే, వెతుక్కుంటూ కొట్టుకి వచ్చింది. వచ్చి, నిలువు పిడి ట్రేని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, నేను చెయ్యిని ట్రేకి తగ్గట్టు తిప్పాలనుకున్నానండీ, మీరు ట్రేని చేతికి తగ్గట్టు తిప్పారు అంది. అలా ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. నవ్విన నాపచేనే పండుతుందని వడ్రంగి ఇప్పుడు తానే అందరికీ చెబుతున్నాడు; కష్టమైన పిడి వస్తే తానే చెక్కి పెడతాడు కూడా.

ఆయనకిప్పుడు అరవై నాలుగేళ్ళు. కోట్లు వారానికి నాలుగు రోజులే కుడతాడు. సోమ, గురువారాలు మధ్యాహ్నం ఆసుపత్రి వెనక గదిలో, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ చేతులు కొలుస్తూ ఉంటాడు. పక్కన కూర్చుని రాసేది ఆవిడే.